ఖైరాత్ కాదు, కూలి కావాలి

జేబులో నుంచి వంద రూపాయలు కాజేసినవాడిని దొంగ అంటాము. దొరికితే నలుగురం పోగై పోలీసులకు అప్పగిస్తాము. ఒక పేదరాలు చేసిన పనిలో నుంచి వారం వారం వంద రూపాయలు తగ్గించి ఇచ్చేవాడిని మాత్రం సేఠ్ అంటాము, ఠేకేదారు సాబ్ అంటాము, ఎదురైతే సలాం చేస్తాము. మొదటిది నేరమట, రెండవది లెక్కల్లో తేడా అట. మన వాడల్లో వేలాది కుటుంబాల ఆకలికి ఈ మాటల మర్యాదే ముసుగుగా ఉన్నది. దీనికి సరైన పేరు కూలి దొంగతనం. ఆ పేరు పెట్టి పిలవడానికి మనం సిగ్గుపడినంతకాలం దొంగకు సిగ్గు కలగదు.

నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల, నిర్మల్, సిరిసిల్ల ప్రాంతాల్లో బీడీలు చుట్టే ఇళ్లలో ఈ దొంగతనం సాగే తీరు చూడండి. ఒక సోదరి వెయ్యి బీడీలు చుట్టి, 25 చొప్పున 40 కట్టలు కట్టి, కార్ఖానాకు తీసుకువెళ్లిందనుకుందాం. ఠేకేదారు రెండు కట్టలు విప్పి చూసి, బాగా రాలేదని మూడు కట్టలు పక్కన పెడతాడు. కూలి 925 బీడీలకే కడతాడు. పక్కన పెట్టిన 75 బీడీలను ఆమెకు తిరిగి ఇవ్వడు, ఆమె ఎదుట చింపివేయడు. అవి కార్ఖానాలోనే ఉండిపోతాయి, మరో దారిలో అమ్ముడుపోతాయి. పనికిరాని బీడీకి కూలి లేదన్నవాడు అదే బీడీకి డబ్బు చేసుకుంటున్నాడు.

ఇది ఒక పద్దు. రెండవ పద్దు ఆకు. వెయ్యి బీడీలకు ఇచ్చిన తునికాకు వెయ్యికి సరిపోదు. ఎండినవి, చిల్లులు పడినవి పోగా మిగిలినదానితో ఎనిమిది వందలు చుట్టగలిగితే గొప్ప. “ఈసారి సరుకే ఇట్లా వచ్చింది ఆపా, ఏం చేయమంటావు” అంటాడు ఠేకేదారు. లెక్క తక్కువైతే మళ్లీ పని దొరకదన్న భయంతో ఆమె తన డబ్బు పెట్టి ఆకు కొంటుంది. యజమాని పెట్టవలసిన పెట్టుబడిని కూలిమనిషి పెడుతుంది. మూడవ పద్దు పేరు. ముగ్గురు చుట్టిన బీడీలను ఒకరి పేరు మీద రాస్తారు. మిగతా ఇద్దరూ చట్టం దృష్టిలో లేనట్లే. పేరు లేదు కనుక భవిష్య నిధి లేదు. తెలంగాణ ప్రభుత్వం బీడీ కార్మికులకు ఇచ్చే 2,016 రూపాయల జీవన భృతికి పీఎఫ్ సభ్యత్వాన్నే ఆధారంగా పెట్టింది. కనుక రిజిస్టరులో పేరు ఎగ్గొట్టినవాడు ఆమె నేటి కూలిని, రేపటి పొదుపును, ముసలితనపు భృతిని ఒక్క కలంపోటుతో మింగివేస్తున్నాడు.

బీడీ ఒక్కటే కాదు. హైదరాబాదు పాతబస్తీలో లక్క గాజులకు రాళ్లు అతికే ఆడపిల్లలు, చీరలకు జర్దోజీ పని చేసే కారీగర్లు, అగరుబత్తీలు చుట్టేవారు, బట్టలు కుట్టేవారు పీసు రేటు మీద బతుకుతున్నారు. వీరిలో చాలామందికి హాజరు పట్టీ ఉండదు, వేతన చీటీ ఉండదు, యజమాని ఎవరో కూడా తెలియదు. తెలిసినది సరుకు తెచ్చి పట్టుకుపోయే మధ్యవర్తి ఒక్కడే. 2006 నాటి సచార్ కమిటీ నివేదిక ఒక సంగతిని స్పష్టంగా చూపింది. పనిచేసే ముస్లిం స్త్రీలలో 70 శాతం మంది తమ ఇంటిలోనే పనిచేస్తున్నారు. అన్ని వర్గాల స్త్రీలను కలిపి చూస్తే ఆ శాతం 51. ఆ నివేదికను మనం విద్య కోసం, ఉద్యోగాల కోసం, రిజర్వేషన్ల కోసం ఎన్నో వేదికలపై ఉదాహరించాము. ఇంటిలో కూర్చుని పనిచేసే ఆ 70 శాతం స్త్రీల చేతికి పూర్తి కూలి అందుతున్నదా అన్న ప్రశ్నను మాత్రం ఆ వేదికలపై అరుదుగా విన్నాము. మైనారిటీ హక్కులంటే కళాశాలలో సీటు మాత్రమేనా? వంటగదిలో చాట ముందు వేసుకుని కూర్చున్న తల్లి కూలి మైనారిటీ హక్కు కాదా?

చట్టం ఈ విషయంలో మూగది కాదు. 1982లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన ఒక కేసు ప్రతి మొహల్లాలో చెప్పుకోదగినది. ఆసియా క్రీడల కోసం ఢిల్లీలో నిర్మాణాలు సాగుతున్నవి. కూలీల కనీస వేతనం రోజుకు 9 రూపాయల 25 పైసలు. కంట్రాక్టర్ల తరఫున కూలీలను తెచ్చిన జమాదార్లు మనిషికి రోజుకు ఒక రూపాయి కమీషనుగా మినహాయించుకుని 8 రూపాయల 25 పైసలే చేతికిచ్చారు. ఒక్క రూపాయి! పీపుల్స్ యూనియన్ ఫర్ డెమోక్రటిక్ రైట్స్ రాసిన లేఖనే న్యాయస్థానం పిటిషనుగా స్వీకరించింది. కనీస వేతనం కంటే తక్కువకు పనిచేయించుకోవడం రాజ్యాంగంలోని 23వ అధికరణం నిషేధించిన వెట్టిచాకిరీ కిందికే వస్తుందని తీర్పు చెప్పింది. కొరడా పట్టుకున్నప్పుడే బలవంతం కాదు, ఆకలి వల్ల ఒప్పుకోవడం కూడా బలవంతమేనని తేల్చింది. “ఆమె ఇష్టపడే చేస్తున్నది కదా, మేమేమైనా కట్టేసి చేయిస్తున్నామా” అని అడిగే ఠేకేదార్లకు నాలుగు దశాబ్దాల కిందటే వచ్చిన జవాబు ఇది.

మరొక మాట తరచుగా వినిపిస్తుంది. ఇంట్లో కూర్చుని, తీరిక దొరికినప్పుడు చేసే పనికి యజమాని ఎవరు, ఉద్యోగి ఎవరు అంటారు. ఈ వాదన కూడా న్యాయస్థానాల్లో ఓడిపోయినదే. ముడిసరుకు తీసుకువెళ్లి ఇంటి దగ్గర బీడీలు చుట్టేవారిని 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టమే ఉద్యోగుల నిర్వచనంలో చేర్చింది. యజమానులు దానిని సవాలు చేస్తే 1974లో మంగళూరు గణేశ్ బీడీ కేసులో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని నిలబెట్టింది. ఇంటి దగ్గర బీడీలు చుట్టేవారికి భవిష్య నిధి చట్టం వర్తిస్తుందని 1985లో మరో తీర్పు వచ్చింది. అంతకు ముందే, 1973లో, మన ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ కేసు ఉన్నది. పీసు రేటుకు కుట్టే దర్జీలు తమ ఉద్యోగులు కారని దుకాణదారు వాదించాడు. కుట్టు యంత్రం దుకాణానిది, కుట్టు బాగాలేకపోతే తిరగగొట్టి మళ్లీ కుట్టమనే అధికారం దుకాణదారుది, కనుక వారు ఉద్యోగులేనని కోర్టు అన్నది. అప్పుడప్పుడు బట్టను ఇంటికి తీసుకుపోయి కుట్టినంత మాత్రాన ఆ సంబంధం తెగిపోదని కూడా అన్నది. ఇక్కడ మెలిక గమనించండి. సరుకును తిరస్కరించే అధికారం తనకున్నదని చాటుకునేవాడు, ఆ మాటతోనే తాను యజమానినని ఒప్పుకుంటున్నాడు.

2025 నవంబరు 21 నుంచి నాలుగు కార్మిక కోడ్‌లు అమలులోకి వచ్చాయి. కనీస వేతనాల చట్టం, వేతన చెల్లింపు చట్టం ఇప్పుడు వేతనాల కోడ్‌లో కలిసిపోయాయి. బీడీ కార్మికుల చట్టం పని పరిస్థితుల కోడ్‌లో కలిసిపోయింది. వీటిని గుడ్డిగా పొగిడేవారితోనూ, చదవకుండా తిట్టేవారితోనూ మాకు పని లేదు. దస్త్రాల మధ్య ఉద్యోగ జీవితం గడిపినవారికి తెలిసిన సంగతి ఒకటున్నది. కాగితం మీద ఉన్న హక్కును వాడుకోవడానికి మొదట ఆ కాగితం చదవాలి.

పనికివచ్చేవి ఏమిటి? రోజు కూలిని ఆ రోజు పని ముగిసేసరికి, వారం కూలిని వారాంతపు సెలవుకు ముందటి పనిరోజున, నెల జీతాన్ని మరుసటి నెల ఏడవ తేదీలోగా చెల్లించాలి. పని నుంచి తీసివేస్తే రెండు పనిదినాల్లో బాకీ తీర్చాలి. బాకీ కోసం దరఖాస్తు చేసుకునే గడువు మూడేళ్లు. కనీస వేతనాల చట్టం కింద అది ఆరు నెలలే. బాకీతో పాటు దానికి పది రెట్ల వరకు పరిహారం ఇప్పించే అధికారం విచారణాధికారికి ఉన్నది. ఎంతమంది కార్మికులైనా కలిసి ఒకే దరఖాస్తు పెట్టుకోవచ్చు. వారి తరఫున రిజిస్టరు అయిన కార్మిక సంఘం పెట్టవచ్చు. అన్నిటికంటే ముఖ్యం, కూలి ఇవ్వలేదని కార్మికుడు దరఖాస్తు చేస్తే, ఇచ్చానని రుజువు చేసుకోవలసిన బాధ్యత యజమానిది.

కోల్పోయినవి కూడా తక్కువ కాదు. పాత కనీస వేతనాల చట్టంలో తక్కువ కూలి ఇచ్చినవాడికి 500 రూపాయల జరిమానాతో పాటు ఆరు నెలల జైలు భయం ఉండేది. ఇప్పుడు జరిమానా 50,000 రూపాయల వరకు పెరిగింది గాని మొదటి తప్పుకు జైలు లేదు. అయిదేళ్లలోపు మళ్లీ పట్టుబడితేనే మూడు నెలల వరకు జైలు మాట. తనిఖీ అధికారి పేరును ఇన్‌స్పెక్టర్-కమ్-ఫెసిలిటేటర్‌గా మార్చి, మొదటిసారి కేసు పెట్టేముందు సరిదిద్దుకోవడానికి గడువు ఇవ్వాలన్నారు. జేబుదొంగకు ఇలాంటి గడువు ఏ చట్టమూ ఇవ్వదు. ఇంటి దగ్గర పనిచేసే కార్మికుల కోసం వేతనాల కోడ్‌లో ప్రత్యేక అధ్యాయం లేదు. సామాజిక భద్రత కోడ్ వారిని నిర్వచించింది గాని, అసంఘటిత కార్మికుల పద్దులో చేర్చి సంక్షేమ పథకాల దారి చూపింది. బీడీలపై సెస్సుతో నడిచిన సంక్షేమ నిధికి 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు ఆ సెస్సే రద్దయింది. ఇంటి నుంచి చేసే పని గురించి అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో చేసిన 177వ ఒడంబడికను భారతదేశం నేటికీ ఆమోదించలేదు.

ప్రభుత్వాన్ని నిలదీయడం తేలిక. మనల్ని మనం నిలదీసుకోవడమే కష్టం. ఆ సరుకు తెచ్చే మధ్యవర్తి ఎవరు? చాలా వాడల్లో అతడు మనవాడే. అదే మసీదులో నమాజు చేస్తాడు, కమిటీలో సభ్యుడిగా ఉంటాడు, ఇఫ్తార్ విందుకు చందా రాస్తాడు. కూలి బాకీ పడిన స్త్రీ ధైర్యం చేసి పెద్దల దగ్గరికి వస్తే ఏమి జరుగుతుంది? ఇద్దరినీ కూర్చోబెట్టి, “పోనీలే భాయ్, సగం ఇచ్చేయ్, పోనీలే బేటీ, సగం మాఫ్ చేసేయ్” అంటారు. దీనిని సులహ్ అంటారు, రాజీ అంటారు. దొంగకు సగం సొత్తు దక్కించే రాజీని ఏ ధర్మం ఒప్పుకుంటుంది? కూలివాని చెమటను గురించిన హదీసు వినని ముసల్మాను ఉండడు. కొలతల్లో తగ్గించేవారి పేరిట ఖురాన్‌లో 83వ సూరా ముతఫ్ఫిఫీన్ ఉన్నది. మిర్చి తూకంలో పావు శేరు తగ్గిస్తే ఆ సూరాను గుర్తుచేసే మనకు, ఒక మనిషి రోజంతటిలో రెండు గంటలు తగ్గించి తూచినప్పుడు అది ఎందుకు గుర్తురాదు?

ఇంతకంటే పెద్ద వంచన రమజాన్ మాసంలో జరుగుతుంది. పదకొండు నెలలు కూలి కోసిన చేతులే పన్నెండవ నెలలో రేషను కిట్టు పట్టుకుని అదే ఇంటి ముందు నిలబడతాయి. బియ్యం, నూనె, ఖర్జూరాలు. పక్కన ఫొటో తీసేవాడు. ఆ స్త్రీ తన డబ్బుతో కొనుక్కోవలసిన బియ్యాన్ని చెయ్యి చాచి తీసుకుంటుంది, పైగా దుఆ చేస్తుంది. చెల్లించవలసిన కూలి అప్పు. అప్పు తీర్చినది జకాత్ లెక్కలోకి రాదు, జకాత్ ఇచ్చినంత మాత్రాన అప్పు తీరదు. ఈ మసలా తెలియని ఆలిమ్ లేడు. దీనిని మింబర్ మీద నుంచి పేరుపెట్టి చెప్పవలసిన అవసరం నేడు ఉన్నది. ఖైరాత్ పుచ్చుకునే స్త్రీ తల వంచుకుంటుంది. కూలి పుచ్చుకునే స్త్రీ తల ఎత్తుకుంటుంది. సమాజంలో తల ఎత్తుకునే స్త్రీలు ఎక్కువ కావాలా, తల వంచుకునేవారు ఎక్కువ కావాలా, మనమే తేల్చుకోవాలి.

సంఘం పెడదామనగానే మూడు అభ్యంతరాలు వస్తాయి. మొదటిది, సంఘం పెడితే పని పక్క ఊరికి పోతుందని. ఈ భయం నిజమైనదే, కొట్టిపారేయదగినది కాదు. 1966 చట్టాన్ని అమలు చేయవలసి వచ్చినప్పుడు కేరళలోని కన్నూరులో పెద్ద యాజమాన్యాలు 1968లో తమ బీడీ పనిని మూసివేశాయి. వేలాదిమంది వీధిన పడ్డారు. వారు మరుసటి ఏడాది ప్రభుత్వ సహాయంతో కేరళ దినేశ్ బీడీ సహకార సంస్థను నిలబెట్టుకున్నారు. బీడీలకు గిరాకీ తగ్గినప్పుడు ఆ సంస్థ ఆహార పదార్థాలు, గొడుగుల తయారీలోకి మళ్లింది. పొగాకు ఆరోగ్యానికి చేటు, ఆ పరిశ్రమ తగ్గాలి అనేవారితో మాకు తగవు లేదు. తగ్గించేటప్పుడు ఆమె చేతికి మరో పని చూపించండి. ఈలోగా చేసిన పనికి కూలి ఎగ్గొట్టకండి. పని పక్క ఊరికి పోతుందన్న భయానికి మందు పక్క ఊరిలోనూ సంఘం ఉండటమే.

రెండవది, గడప దాటని స్త్రీలకు యూనియన్ ఏమిటని. గడప దాటకుండానే వారి కూలి గడప దాటిపోతున్నది కదా! 1972లో అహ్మదాబాదులో ఇళా భట్ నాయకత్వాన స్వయం ఉపాధి మహిళల సంఘం ‘సేవ’ రిజిస్ట్రేషన్‌కు వెళ్లినప్పుడు, పోరాడటానికి యజమానే లేనివారికి యూనియన్ ఎందుకని కార్మిక శాఖే అడ్డు చెప్పింది. సంఘం ఒకరిమీద పోరాడటానికే కాదు, తమలో తాము ఒక్కటి కావడానికని వారు నిలబడి రిజిస్ట్రేషన్ సాధించారు. ఆ సంఘంలో బీడీలు చుట్టే స్త్రీలు, బట్టలు కుట్టే స్త్రీలు, తలపై బరువులు మోసే స్త్రీలు చేరారు. హజ్రత్ ఖదీజా (ర.అ.) వ్యాపారం నడిపిన మహిళ అని పిల్లలకు గర్వంగా చెబుతాము. తన కూలి లెక్క తాను అడిగే స్త్రీని మాత్రం గయ్యాళి అంటాము. పరదా ముఖానికి. లెక్కల పుస్తకానికి కాదు.

మూడవది, ఇది మనవాళ్ల మధ్య గొడవ, బయటపెడితే కౌముకు చెడ్డపేరు అని. చెడ్డపేరు దొంగతనం వల్ల వస్తుంది, దొంగను అడగడం వల్ల రాదు. అంతేకాదు, ఇది మనవాళ్ల గొడవ మాత్రమే కూడా కాదు. అదే కార్ఖానా ముందు పద్మశాలి స్త్రీ నిలబడుతుంది, దళిత స్త్రీ నిలబడుతుంది. ఠేకేదారు కట్టలు తీసి పక్కన పెట్టేటప్పుడు మతం అడగడు. సంఘం గుమ్మం దగ్గర మనం అడిగితే నష్టపోయేది మనమే. ఏడుగురు కలిసి దరఖాస్తు చేస్తే కార్మిక సంఘాన్ని రిజిస్టరు చేయించుకోవచ్చు. ఆ పరిశ్రమలోని కార్మికుల్లో పదోవంతు మంది గాని, వందమంది గాని, ఏది తక్కువైతే అంతమంది సభ్యులుగా ఉండాలి. ఒక్క వాడలో వందమంది దొరకరా?

కనుక పాఠకుల ముందు, మసీదు కమిటీల ముందు, సంఘాల ముందు కొన్ని పనులు ఉంచుతున్నాము.

మొదట, ఇంటింటికీ ఒక పుస్తకం. తేదీ, ఇచ్చిన ఆకు లేదా సరుకు తూకం, అప్పజెప్పిన లెక్క, తిరస్కరించిన లెక్క, చేతికి వచ్చిన డబ్బు. అయిదు గడులు చాలు. చదువు రాని తల్లికి పదో తరగతి చదివే కూతురు రాయగలదు. రుజువు భారం యజమానిదే అయినా, ఆరు నెలలు తప్పకుండా రాసిన పుస్తకం ముందు నోటిమాట నిలవదు.

రెండవది, వారానికి ఒక రోజు, మసీదుకో మదరసాకో చెందిన ఒక గదిలో దరఖాస్తులు రాసిపెట్టే ఏర్పాటు. స్త్రీలకు వేరే సమయం, రాసేందుకు చదువుకున్న ఆడపిల్లలు. రిటైరైన ఉద్యోగులు మన వాడల్లో ఎందరో ఉన్నారు. అర్జీ రాయడం, రసీదు తీసుకోవడం, వాయిదా తేదీ గుర్తుంచుకోవడం మాకు చేతనైన విద్య. ఈ వయసులో దానిని ఇంతకంటే మంచి పనికి వాడలేము. కార్మిక శాఖ కార్యాలయంలో ఒంటరి స్త్రీని రేపు రమ్మంటారు. ముప్ఫైమంది పేర్లతో పెట్టిన ఒకే దరఖాస్తును అంత తేలికగా రేపటికి నెట్టలేరు.

మూడవది, జకాత్ కమిటీలు సహాయం కోరి వచ్చిన ప్రతి కుటుంబాన్నీ ఒక ప్రశ్న అడగాలి. “మీకు ఎవరైనా కూలి బాకీ ఉన్నారా?” ఉన్నారంటే సహాయం ఆపకండి. ఆ బాకీ వసూలు చేయించే పూచీ కూడా కమిటీ తీసుకోవాలి. బాకీదారుడు చందాదారుడే అయితే, చందా పుస్తకం మూసి ముందు బాకీ పుస్తకం తెరవాలి. రాజీ అంటే పూర్తి కూలికి రాజీ. సగానికి కాదు.

నాలుగవది, ప్రభుత్వాలపై ఒత్తిడి. కనీస వేతనాలను అయిదేళ్లకు మించకుండా సవరించాలన్నది పాత చట్టంలోనూ, కొత్త కోడ్‌లోనూ ఉన్న నియమమే. దానిని తూచా తప్పకుండా పాటించమని అడగాలి. పీసు రేటును సగటు కార్మికురాలు ఎనిమిది గంటల్లో చేయగలిగిన పనిని చూసి కట్టాలి. తిరస్కరించిన బీడీలను కార్మికురాలి ఎదుటే చింపివేయాలి. ఆకు తూకానికి, తిరస్కరణకు సంబంధించిన తగాదాలను వెంటనే తేల్చే అధికారిని జిల్లాకు ఒకరిని నియమించాలి. ఇంటి దగ్గర పనిచేసేవారి పేర్లు, వారికి పని ఇచ్చే అసలు కంపెనీ పేరు ఒకే రిజిస్టరులో ఉండాలి. మధ్యవర్తి ఎగ్గొడితే ఆ కంపెనీయే చెల్లించాలి. 177వ ఒడంబడికను ఆమోదించాలి. ఓట్లు అడగటానికి మన వాడలకు వచ్చే ప్రతి పార్టీ అభ్యర్థిని షాదీఖానా ఎప్పుడు కట్టిస్తారని అడుగుతూనే ఉన్నాము. ఈసారి కూలి లెక్క కూడా అడుగుదాం.

ఇవి విప్లవాలేమీ కావు. పెద్ద నిధులు అక్కరలేదు. ఒక నోటు పుస్తకం, ఒక గది, ఒక ప్రశ్న, వందమంది సభ్యులు. రమజాన్ రాకముందే ప్రతి మొహల్లాలో పేదల జాబితా తయారవుతుంది. ఈ ఏడాది ఆ కాగితం మీద నిలువుగా ఒక గీత గీసి మరొక గడి పెట్టండి. ఎవరికి ఎంత సహాయం ఇవ్వాలో ఎడమవైపు రాయండి, ఎవరి నుంచి ఎంత కూలి రావాలో కుడివైపు రాయండి. కుడివైపు మొత్తం వసూలైననాడు ఎడమవైపు పేర్లలో ఎన్ని మిగులుతాయో మీరే చూస్తారు.